శివారు పొలాల చరిత్ర: తెనాలి, బాపట్ల, రేపల్లె మాగాణం

కృష్ణా పశ్చిమ డెల్టా రైతుల వాడుకలో ‘శివారు’ అన్న మాటకు ఊరి పొలిమేర అన్న అర్థం ఉన్నా, కాలువ కింద సేద్యం చేసేవారి నోట అది చిట్టచివరి తూము కింద ఉన్న భూమికి, అంటే ఎగువ చేలన్నీ తడిసి ఇంకా మిగిలితేనే నీరందే భూమికి పేరు. సీతానగరం దగ్గర కృష్ణ నుంచి బయలుదేరిన పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల వద్ద చీలి, కొన్ని పాయలుగా తెనాలి మీదుగా, కొమ్మమూరు కాలువగా బాపట్ల వైపు, మరికొన్ని పాయలుగా రేపల్లె, నిజాంపట్నం వైపు సముద్రం దిక్కుగా సాగుతుంది. తెనాలి కాలువల తలకు దగ్గరగా ఉన్న పట్టణమైతే, బాపట్ల, రేపల్లెలు వాటి చివరలకు కాపలా కాస్తున్నట్టుంటాయి. ఈ ప్రాంతపు వ్యవసాయ చరిత్రను ఆనకట్ట దగ్గర నిలబడి చెప్పినవారే ఎక్కువ. అక్కడి నుంచి చూసినప్పుడు అది కరువు నుంచి సిరికి సాగిన కథగానే కనిపిస్తుంది. శివారు పొలం గట్టు మీద నుంచి చూస్తే, నీరు రావడం ఎంత ముఖ్యమో సకాలంలో రావడం, వచ్చిన నీరు సకాలంలో బయటికి పోవడం అంతే ముఖ్యమనీ, ఈ రెండో సంగతిపై పాలకుల దృష్టి ఎన్నడూ తగినంతగా నిలవలేదనీ తెలుస్తుంది. రానున్న కాలంలో ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల బతుకు ఎలా ఉండబోతుందన్న ప్రశ్నకు జవాబు వెదకవలసింది ఈ చివరి పొలాల్లోనే.

ఆనకట్టకు ముందు ఈ సీమకు లోకంతో ఉన్న సంబంధం వరి వల్ల ఏర్పడింది కాదు. పేటపోలి అన్న పేరుతో ఐరోపా వర్తకులు ఎరిగిన నిజాంపట్నం రేవులో 17వ శతాబ్ది తొలి సంవత్సరాల్లోనే డచ్చివారు దిగగా, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. వారిని ఆకర్షించినవి ఇక్కడి అద్దకపు బట్టలు, వాటికి ఎర్రరంగు నిచ్చే చిరివేరు. సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో లోతుగా దిగే ఈ వేరును తవ్వి తీయడం పేదల పని. పంట భూములు మాత్రం వానకే దోసిలి పట్టేవి. కృష్ణ నిండుగా పారుతున్నా దాని నీరు పొలాలకెక్కే మార్గం చాలాచోట్ల లేనందువల్ల, వాన మొహం చాటేస్తే నది పక్కనే కరువు వచ్చేది. 1832–33లో, అంటే నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును జనం నందన కరువనీ, మనుషుల డొక్కలెండిపోయినందున డొక్కల కరువనీ పిలిచారు. అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనాభా ఉండగా అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కుటుంబాలే కాక ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిన ఈ విపత్తు తరువాత కూడా నదికి అడ్డుకట్ట పడటానికి ఇరవై ఏళ్లు పట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. శిస్తు రాబడి పడిపోవడమే కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించిన ప్రధాన కారణమని చెప్పక తప్పదు.

గోదావరిపై ఆనకట్ట ఫలితాన్నిచ్చిన తరువాత, ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ కొండకూ సీతానగరం కొండకూ నడుమ కృష్ణపై రాతికట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. తరువాతి రెండు తరాల కాలంలో కాలువలను ఒక్కొక్కటిగా సముద్రం వైపు పొడిగిస్తూ పోవడంతో జొన్న పండిన నేల మాగాణిగా, అంటే నీరు నిలబెట్టి వరి పండించే భూమిగా మారింది. ఆ కాలువలు నీటి బాటలే కాదు, సరుకు బాటలు కూడా. 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరువులో కూలిపనుల కింద తవ్వించిన భాగంతో కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలవగా, ధాన్యపు పడవలు ఇటు నుంచి మద్రాసు దాకా తెరచాపతోనూ, గట్టు మీద నడిచే మనుషులు లాగే తాడుతోనూ పోయేవి. 1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గం, 1916లో తెనాలి–రేపల్లె శాఖామార్గం వచ్చాక పడవ వెనుకబడింది. కాలువలూ రైలూ కలిసిన చోట తెనాలి బియ్యపు మిల్లులతో, వర్తకంతో, నాటక సమాజాలతో పెరిగి ‘ఆంధ్రా ప్యారిస్’ అనిపించుకుంది. ఆ పేరులోని అందమంతా మాగాణి పంట మిగులుదే. రైతు బిడ్డ చదువుకు మద్రాసు వెళ్లినా, పట్టణంలో మేడ కట్టినా, ఆ సొమ్ము కుప్ప నూర్చిన కళ్లంలో నుంచి వచ్చిందే.

అయితే మిగులున్న చోట ధర పడితే దెబ్బ కూడా పెద్దదే. 1930 తరువాతి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలగా, బర్మా బియ్యం పోటీ దానికి తోడై, మంచి కాలంలో చేసిన అప్పులు రైతు మెడకు చుట్టుకున్నాయి. తెనాలికీ బాపట్లకూ నడుమనున్న నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా రైతాంగ విద్యాలయం నెలకొల్పి కార్యకర్తలను తయారు చేసింది ఈ దశకంలోనే; 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పాటుకూ, 1938లో మద్రాసు ప్రభుత్వం చేసిన రైతు రుణ ఉపశమన చట్టానికీ ఇలాంటి ఉద్యమాల ఒత్తిడే నేపథ్యం. ఆ ఉద్యమం పట్టాదారు రైతు పక్షాన బలంగా నిలబడింది కానీ, అతని పొలంలో కౌలుకు దున్నేవాడి విషయంలో దాని గొంతు అంత స్పష్టంగా లేదు. ఈ లోటు ఇప్పటికీ పూడలేదు.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. తెలుగు ప్రాంతంలో అదే మొదటి వ్యవసాయ కళాశాల. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో భాగమైంది, ఆ విశ్వవిద్యాలయానికే తరువాత రంగా పేరు పెట్టారు. నీటి ఎద్దడినీ, మురుగునూ, చౌడునూ ఒకే జిల్లాలో చూడగల చోట కళాశాల ఉండటం వల్ల ఇక్కడి పరిశోధనకు పుస్తకాల వాసన కంటే బురద వాసనే ఎక్కువ అబ్బింది. దాని ఫలితాల్లో దేశమంతటికీ తెలిసింది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. ఎం.వి. రెడ్డి రూపొందించిన ఈ వంగడం వంశవృక్షంలో మూడు దేశాలు కలిశాయి: కోయంబత్తూరులో ఎంపికైన సన్నరకం జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి. అంతకుముందు కృష్ణకాటుకలు, అక్కుళ్లు వంటి పొడుగు రకాలు పండిన చేలల్లో, పడిపోకుండా ఎరువును తట్టుకుంటూ, తినడానికి సన్నగా, రుచిగా ఉండే ధాన్యం రావడంతో అది కొన్నేళ్లలోనే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు పాకింది. హైదరాబాదులోనో బళ్లారిలోనో బియ్యం కొట్టుకు పోయి ‘బీపీటీ’ అడిగేవారిలో చాలామందికి ఆ మూడక్షరాలు బాపట్లవని తెలియదు. అగ్గితెగులుకూ, ఎండాకు తెగులుకూ, సుడిదోమకూ ఇది లొంగుతుందన్నది నిజమే. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చిన మెరుగైన సాంబ మసూరిని హైదరాబాదు సంస్థలు 2008లో విడుదల చేశాయి. కానీ శివారు రైతుకు ఈ వంగడంలో అసలు చిక్కు మరొకటి. అది కోతకు రావడానికి ఐదు నెలలు పడుతుంది. జూన్‌లో నారు పోయగలిగినవాడికి నవంబరులో చేతికి వస్తుంది, కాలువ ఆలస్యమై ఆగస్టులో నాటినవాడికి తుఫానుల నెలల్లో పొలంలోనే నిలుస్తుంది.

ఈ పట్టణాల చుట్టూ సంవత్సరంలో రెండో పంట ఏమిటన్నదానికీ ఒక చరిత్ర ఉంది. దాళ్వా, అంటే వేసవి వరి, పశ్చిమ డెల్టాలో నీళ్లు మిగిలిన ఏడాది తప్ప ఉండదు. వెనుకటి రోజుల్లో వరి తరువాత పశువుల మేతకూ నేల బలానికీ జనుము, పిల్లిపెసర చల్లేవారు. 1970ల నుంచి ఆ స్థానాన్ని మినుము ఆక్రమించి, లాం పరిశోధన కేంద్రం నుంచి బూడిద తెగులును తట్టుకునే రకాలు రావడంతో డెల్టా అంతటికీ వ్యాపించింది. ఈ సేద్యం చేసే తీరు చూసి తీరవలసిందే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, అడుగు పెడితే ముద్ర పడేంత పదును నేలలో ఉండగా, నిలబడి ఉన్న పైరులోకే మనిషి దిగి, ఒడిలోని మినుములను పిడికెడు పిడికెడుగా తీసి, కంకుల మీదుగా చల్లుకుంటూ మడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతాడు; ఎకరానికి పదహారు, పద్దెనిమిది కిలోల విత్తనం. గింజ కంకుల సందుల్లోంచి జారి తడి మట్టిలో పడుతుంది. మరునాటికి ఉబ్బుతుంది. కోత కూలీలు వరి కోసి పనలు వేసేసరికి మొలక కన్ను విప్పి ఉంటుంది. ఆ తరువాత దున్నడం లేదు, తడి పెట్టడం లేదు, నేలలో మిగిలిన తేమతో, పుష్య మాసపు మంచుతో ఎనభై రోజుల్లో పంట పండుతుంది. పెట్టుబడి తక్కువ, అప్పు అక్కరలేదు. తమిళదేశపు ఇడ్లీ పిండికీ తెలుగువారి గారెకూ గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కౌలు రైతు ఇంటికి నిజమైన మిగులు తరచు ఈ పంటలోనే కనిపించేది, ఎందుకంటే వరి కౌలుకూ అప్పుకూ పోతే మినుము ఇంటికి వచ్చేది. మగవారి పేరున పట్టాలున్నా, ఈ పంటను పీకి, ఎండబెట్టి, కొట్టి, చెరిగేది ఎక్కువగా ఆడవారే.

తరువాత ఈ ఏర్పాటు చెదిరింది. తెల్లదోమ మోసుకువచ్చే పల్లాకు తెగులు, మొక్కలకు చుట్టుకుని రసం పీల్చే బంగారు తీగ మినుమును దెబ్బతీయగా, కూలీల కొరత వల్ల వరి కోత యంత్రాలు రావడంతో నిలువు పైరులో విత్తనం చల్లడానికే వీలు తగ్గింది, ఎందుకంటే బరువైన యంత్రపు చక్రాల కింద మొలక నలిగిపోతుంది. ఈ సందులో 2000 తరువాత జీరో టిల్లేజ్ మొక్కజొన్న, అంటే వరి కోసిన మడిని దున్నకుండానే తాడు పట్టి వరుసగా గుంతలు చేసి గింజ పెట్టే పద్ధతి, తెనాలి, కొల్లిపర, కొల్లూరు పొలాల్లో నిలదొక్కుకుంది; బాపట్ల వైపు జొన్న కూడా ఇదే తీరున వచ్చింది. కోళ్ల మేత వ్యాపారం దీనికి గిరాకీ. దిగుబడి బాగా వచ్చిన చోట ఎకరాకు 35, 40 క్వింటాళ్లు కూడా తీస్తారు, కానీ నీరూ ఎరువూ కావాలి, డీజిల్ కావాలి. అంటే మినుములో ఉన్న నిశ్చింత ఇందులో లేదు. బోరు వేసినా మంచినీరు పడని రేపల్లె, నిజాంపట్నం శివార్లలో ఈ అవకాశం కూడా అందరికీ లేదు. ఆ విధంగా ఒకే కాలువ కింది రైతుల మధ్య ఎగువ దిగువల అంతరం రెండో పంటలో మరింత పెరిగింది.

సముద్రానికి దగ్గరైన కొద్దీ జీవనం వేరే రూపం తీసుకుంటుంది. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో దొరువు అనే గుంట ఉంటుంది: ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది కాబట్టి, దానిని కదల్చకుండా లోతు తక్కువగా, వెడల్పుగా తవ్వి, ఒక పక్క దిగేందుకు మెట్లలా చెక్కిన గుంట. రెండు చేతులా రెండు కుండలతో రైతు దిగి, నింపుకుని, ఎక్కి, నారుమళ్ల మీదా కూరపాదుల మీదా చిలకరించి, తిరిగి దిగుతాడు. రోజంతా ఈ దిగడం, ఎక్కడమే సేద్యం. ఎక్కువ తోడితే అడుగు నుంచి ఉప్పు పైకి వస్తుందని తరాల అనుభవం నేర్పింది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధకులు ఈ జ్ఞానాన్నే తీసుకుని, రంధ్రాలున్న గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరచి మధ్య బావిలోకి మంచినీటిని రాబట్టే మెరుగైన దొరువును రూపొందించారు. బడిలో చదవని రైతు తెలివినీ బడి చదువునూ ఒక్కచోట కలిపిన ఈ పని, ఖర్చు పెట్టిన ఎన్నో పెద్ద పథకాల కంటే ఎక్కువ గౌరవానికి అర్హమైనది.

రొయ్యల చెరువుల కథ దీనికి పూర్తిగా భిన్నం. 1990ల ఆరంభంలో టైగర్ రొయ్య తీరమంతా పరుగులు పెట్టించగా, 1994–95లో వచ్చిన తెల్లమచ్చ వైరస్ చెరువులను ఖాళీ చేసింది; 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల సాగును కట్టడి చేసింది, 2005లో దాని నియంత్రణకు ప్రత్యేక చట్టం వచ్చింది, 2009లో వనామి రకానికి అనుమతి లభించాక సాగు మళ్లీ ఊపందుకుంది. చౌడు వల్ల వరి రాని భూమికి చెరువు ఒక వరమే. అయితే ఉప్పునీటి చెరువు పక్కనున్న మాగాణికి ఊట చేరుతుంది, ఆ మడి యజమాని కొన్నేళ్లు చూసి తానూ చెరువు తవ్విస్తాడు, ఆ మడిలో కూలి చేసిన పది మందిలో చెరువుకు ఒకరిద్దరే కావలసివస్తారు. ధర ఎక్కడో నిర్ణయమవుతుంది: 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నిజాంపట్నం చెరువు గట్టు దాకా వచ్చింది.

ఇక్కడి సేద్యానికి భవిష్యత్తు గురించి మాట్లాడేవారు మొదట అడగవలసినది పొలం దున్నేది ఎవరని. ఆనకట్ట తెచ్చిన సిరితో చదువుకున్న కుటుంబాలు హైదరాబాదుకూ, అమెరికాకూ తరలిపోగా పొలం పట్టాదారు పేరున ఉంది, పని కౌలుదారు చేతిలో ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం రాతపూర్వక ఒప్పందాన్నీ, కౌలుపై పరిమితినీ, కౌలుదారుకు రక్షణనూ చెప్పింది. ఆ రక్షణ వల్ల భూమి చేజారుతుందన్న భయంతోనే యజమానులు రాత మానేశారు, ఒప్పందం నోటిమాటగా మిగిలింది. 2011 చట్టం ప్రకారం ఇచ్చిన రుణ అర్హత కార్డులు, 2019 చట్టం ప్రకారం యజమాని సమ్మతితో పదకొండు నెలలకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రాలు ఈ ముడిని విప్పడానికే వచ్చాయి. కానీ సంతకం పెట్టవలసినవాడు పెట్టకపోతే పత్రం లేదు, పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం పట్టాదారు ఖాతాకు చేరుతుంది. కౌలు మాత్రం బస్తాల లెక్కన, తరచు ముందుగానే, పంట పండినా ఎండినా చెల్లించవలసినదే. నష్టభారమంతా మోసేవాడికి ఆ భూమితో ఉన్న సంబంధం కాగితం మీద లేకపోవడం ఈ డెల్టాలో అన్నిటికంటే పెద్ద అన్యాయం.

ఇక నీటి సంగతి. 1952 వరదలో పాత ఆనకట్టకు గండిపడిన తరువాత 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పైన నాగార్జునసాగర్ లేచింది. 1970లలో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు కేటాయించింది. టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు. హక్కు కాగితం మీద నిలిచినా, పైన జలాశయాలు నిండే దాకా ఆగవలసి వచ్చిన సంవత్సరాల్లో కాలువకు నీరు ఆలస్యమైంది. 2013లో అంకితమైన పులిచింతల, ఆ తరువాత పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు ఈ ఆలస్యాన్ని కొంత తగ్గించాయి. బయటికి పోయే నీటి సంగతి అంతకంటే పాతది. తుంగభద్ర, నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువలు పొలాల్లో మిగిలిన నీటిని సముద్రానికి చేర్చాలి. 1960లలో ఎ.సి. మిత్ర నాయకత్వంలోని నిపుణుల సంఘం వీటి దుస్థితిని పరిశీలించింది, 1968లో మురుగు పన్ను చట్టం కూడా వచ్చింది. రైతులు పన్ను కట్టారు. అయినా గుర్రపుడెక్కా, తూటికాడా అల్లుకుని, మొగల దగ్గర ఇసుక మేట వేసి, పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కే కాలువలను ఇప్పటికీ ఏ వాన కాలంలోనైనా చూడవచ్చు. 2009 అక్టోబరులో కృష్ణ పొంగి ఓలేరు దగ్గర కరకట్టకు గండి కొట్టినప్పుడు, 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు లంకల అరటినీ, పసుపునూ, కందనూ ముంచినప్పుడు నీరు వచ్చిన వేగం వార్తల్లో నిలిచింది. అది వెళ్లడానికి పట్టిన కాలం పొలంలోనే మిగిలింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి కొంత నిలువు మీద, కొంత పనల మీద, కొంత కుప్పల్లో ఉన్న రోజులవి. తడిసిన ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తిరస్కరిస్తారు కాబట్టి రోడ్ల వెంట, వంతెనల మీద, బడి ఆవరణల్లో గింజను ఆరబోసి రోజుకు నాలుగుసార్లు తిరగేస్తారు. మడిలో నీరు తీస్తే డిసెంబరు నెలాఖరులోగా మినుము చల్లుకోవచ్చు. పది రోజులు ఆలస్యమైతే గింజకు నేల పదును చాలదు, మంచు కాలం వెనక్కి జరుగుతుంది, ఎండలు ముదిరేసరికి కాయ నిండదు. శివారు మడిలో ఆ పది రోజులు దక్కాలంటే ఎగువ మురుగు కాలువలో పూడిక అంతకుముందు వేసవిలోనే తీసి ఉండాలి.